వల లేని దిక్కు

వెంకటనర్సు సారు ఆ రోజు బంతిని చూశాడు. చూడలేదని మూడేళ్ళపాటు అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకున్నాడు గానీ, నిక్షేపంగా చూశాడు. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తే కథలో పస తగ్గుతుందనేవాళ్ళు ఉంటారు. తగ్గితే తగ్గనీ. చూసినవాడు చూడలేదంటే ఏమవుతుందన్నదే ఇక్కడి సంగతి.

ఆయన నల్లగొండలో ఒక సర్కారు బడికి డ్రిల్లు మాస్టరు. పద్మశాలీల ఇంట పుట్టి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవలసినవాడు హైదరాబాదు పోయి కవాతూ ఆటలూ నేర్చుకుని వచ్చాడు. మెడలో నల్లతాడుకు ఎప్పుడూ ఒక ఇత్తడి విజిల్ వేలాడేది. విజిల్‌ను ఊళ్ళో పీక అంటారు కాబట్టి ఆయన పీక సారు అయ్యాడు. అంగట్లో కూరగాయలమ్మే ముసలమ్మలు కూడా "పీక సారొచ్చిండు, జర లేత వంకాయలు తియ్యే" అనుకునేవాళ్ళు. ఆ పేరంటే ఆయనకు లోలోపల గర్వమే. నౌకరి మాత్రం ఖాయం కాలేదు. ఏడాదికోసారి పొడిగింపు కాగితం కోసం కచేరి అరుగు మీద పడిగాపులు కాయవలసి వచ్చేది. ఆ నెల రోజులూ ఇంట్లో ఆయన భార్య మల్లమ్మ కూడా గట్టిగా మాట్లాడేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. ఆ ఏడు చలికాలం చివర ఒక జాగీర్దారుకు ఫుట్‌బాల్ మీద మనసైంది. తండ్రి పేరు చెక్కించి హైదరాబాదు నుంచి వెండి కప్పు తెప్పించాడు. ఆరు జట్లు దిగాయి. ఆటలన్నిటికీ రెఫరీ మన పీక సారే. హుజూర్‌నగర్ వాళ్ళయితే మూడు రోజులు ఎడ్లబండ్ల మీద వచ్చి, ఒకే ఒక్క ఆట ఆడి ఓడిపోయి, మళ్ళీ మూడు రోజులు బండ్ల మీద పోయారు. కప్పు ఇచ్చినవాడికి సొంత జట్టు లేకపోతే బాగుండదు కదా, జాగీర్దారుకూ ఒకటుంది. వాళ్ళకు బూట్లున్నాయి. చివరాఖరికి ఫైనల్‌కు మిగిలింది ఆ జాగీరు జట్టూ, మిషన్ దవాఖాన జట్టూ. దవాఖాన వాళ్ళవి ఉత్త కాళ్ళు.

ఆ ఉత్త కాళ్ళకు ఆట నేర్పింది వెంకటనర్సే. బడి విడిచాక దవాఖాన వెనక ఖాళీ జాగాలో సాయంత్రాలు నేర్పేవాడు. వాళ్ళలో ఇస్రాయేలు అనే ఇరవై రెండేళ్ళ మనిషి ఉన్నాడు. దవాఖానలో పుండ్లు కడుగుతాడు, పట్టీలు కడతాడు. ఊరు రెండు కోసుల దూరం. తల్లి సాలమ్మ అక్కడే ఉంటుంది. బంతి కాలికి దొరికిందంటే ఇస్రాయేలు ఇక ఎవరికీ దొరకడు. హుజూర్‌నగర్ వాళ్ళతో ఆటలో మాత్రం ఒక వింత చేశాడు. గోలు కొట్టి, అందరూ ఎగిరి గంతులేస్తుంటే తిన్నగా సారు దగ్గరికి వచ్చాడు.

"సారూ, బంతి నా చేతికి తగిలింది. మీకు అవుపడలే," అన్నాడు.

వెంకటనర్సు గోలు తీసేశాడు. దవాఖాన వాళ్ళు ఇస్రాయేలును కొట్టినంత పని చేశారు. ఆ రాత్రి అన్నం తింటూ వెంకటనర్సు తన తండ్రి గండయ్యకు ఈ ముచ్చట రెండుసార్లు చెప్పాడు. అలాంటివాడు తన చేతికింద తయారయ్యాడని ఆయన సంతోషం.

గండయ్యకు ఆటంటే తెలియదు, కొడుకంటే తెలుసు. గోలు కట్టెల వెనక వల లేకపోతే బంతి లోపలి నుంచి పోయిందో బయటి నుంచి పోయిందో తగాదా వస్తుందని కొడుకు ఒకసారి అన్నాడు. అంతే, ముసలాయన వల అల్లడానికి కూర్చున్నాడు. అప్పటికి నూలు దొరకడమే కష్టం. వాడకట్టులో మగ్గాల మీద మిగిలిపోయిన కొసలన్నీ ఏరి తెచ్చి, పేని, ముడి మీద ముడి వేశాడు. "పద్మశాలోళ్ళు వలలల్లితే బెస్తోళ్ళు చీరెలు నేస్తరా మామా?" అని దారిన పోయేవాళ్ళంతా ఎకసెక్కాలాడారు. పదిహేను రోజులకు ఒక వల తయారైంది. రెండోదానికి కొసలు చాలలేదు.

"గింత నూలు దొరికితే ఇంకోటి గూడ కడుదు బిడ్డా," అన్నాడు గండయ్య, తప్పు తనదే అయినట్టు.

"ఒక దిక్కన్న ఉన్నది గద నాయినా. సాలు," అన్నాడు కొడుకు.

అలా ఫైనల్ నాడు మైదానానికి తూర్పు దిక్కున వల ఉంది, పడమటి దిక్కున లేదు. పడమట గోలు కట్టెల వెనక ఎవరో ఎడ్లను విడిచి బండి నిలిపారు. జనం చుట్టుపక్కల పల్లెల నుంచి సద్దులు కట్టుకుని మరీ వచ్చారు. కొడుకు ఆట చూడాలని సాలమ్మ కూడా వచ్చింది. నీడకు వేసిన షామియానా కింద కుర్చీలో జాగీర్దారు, ఆయన పక్కన బల్ల మీద కప్పు. ఆట మొదలుకు ముందు ఆయన వెంకటనర్సును దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ నౌకరి సంగతి మొన్న పెద్ద సాబుతోటి మాట్లాడిన. ఫికర్ చెయ్యకు," అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనవలసిన అవసరమూ లేదు.

మొదటి సగంలో చెరొక గోలు పడింది. దవాఖాన వాళ్ళ గోలు తూర్పున, గండయ్య వలలో పడింది. వల ఉబ్బి, బంతిని పట్టుకుని నిలిచింది. ముసలాయన లేచి నిలబడి చుట్టూ చూశాడు, ఎకసెక్కాలాడినవాళ్ళు ఎవరైనా కనబడతారేమోనని. రెండో సగంలో దిక్కులు మారాయి.

ఆట ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా ఇస్రాయేలు కుడి పక్కనుంచి ఇద్దరిని తప్పించుకుని వచ్చి కొట్టాడు. బంతి నేలబారుగా, కట్టెకు జానెడు లోపలి నుంచి, సున్నపు గీత దాటి పోయింది. పోయి వెనకున్న బండి చక్రానికి తగిలి, ఎంత వేగంగా పోయిందో అంత వేగంగా తిరిగి వచ్చింది. జాగీరు గోల్‌కీపరు రఘుపతి, జాగీర్దారు దగ్గర ముంషీ, దాని మీద బోర్లా పడ్డాడు. పడి, "లోపటికి రాలే! కట్టెకు తగిలింది!" అని అరిచాడు.

వెంకటనర్సు పది అడుగుల దూరంలో ఉన్నాడు. విజిల్ నోట్లోనే ఉంది. ఊపిరి కూడా తీసుకున్నాడు, ఊదడానికే. అప్పుడు షామియానా వైపు చూశాడు. ఎందుకు చూశాడని తర్వాత తనను తాను లక్ష సార్లు అడుక్కున్నాడు. జాగీర్దారు కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. ఆ సగం లేచిన మనిషిని చూసి, తీసుకున్న ఊపిరిని మన సారు మింగేశాడు. విజిల్ మోగకపోతే గోలు కానట్టే. నిజానికి అన్యాయం అక్కడే అయిపోయింది. తర్వాత జరిగినదంతా దానికి ముసుగు.

రెండు జట్లూ మీద పడ్డాయి. జనం గీత దాటి లోపలికి వచ్చారు. ఒకరు లోపలంటారు, ఒకరు బయటంటారు. చూశావా లేదా అని అందరూ సారునే పట్టుకున్నారు.

"దుమ్ము లేసింది... నాకు అవుపడలే," అన్నాడు వెంకటనర్సు. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

అప్పుడు జనంలోంచి గుర్వయ్య పటేలు ముందుకొచ్చాడు. ఇస్రాయేలు ఊరికి ఆయనే పెద్దమనిషి. ఎన్నో పొలం తగాదాలు తెంపినవాడు. సున్నపు గీతను కాలితో చూపించాడు.

"ఏంది గీ లొల్లి? గీత అంటే గెట్టే గద. గెట్టు పంచాది అయితే ఏం జేస్తం? మట్టి ఎత్తమను. నెత్తిన వెట్టుకొని నడిచినోడిదే మాట," అన్నాడు.

ఆ సీమలో రెండు చెలకల, అంటే మెట్ట చేల, నడిమి గట్టు మీద తగాదా వస్తే చేసే పని అది. నా మాట నిజం అన్నవాడు ఆ గెట్టు మీది మన్ను గుప్పెడు తీసి నెత్తిన పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. అబద్ధమాడి నడిస్తే ఏడాది తిరగకుండా ఆ మట్టిలోనే కలిసిపోతాడని నమ్మకం. నడవనన్నవాడు తప్పు ఒప్పుకున్నట్టే. ఆటకు వచ్చిన జనంలో నూటికి తొంభై మంది సేద్యగాళ్ళు. వాళ్ళకు ఆఫ్‌సైడంటే తెలియదు, ఇది మాత్రం బాగా తెలుసు. "ఎత్తమను! మట్టి ఎత్తమను!" అని ఒక్క గొంతుతో అరిచారు.

ఆటకు ఒక పుస్తకముంది, అందులో మట్టి లేదు, న్యాయం చెప్పవలసింది తాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. వెంకటనర్సు అనలేదు. భారమంతా నేలతల్లి మీద పడేసి తాను తప్పుకునే దారి దొరికింది కదా అని, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆయనకు ప్రాణం లేచి వచ్చింది.

"సరే, గట్లనే గానీ," అన్నాడు.

రఘుపతి తటపటాయించాడు. షామియానా వైపు చూశాడు. వంగి గుప్పెడు మట్టి తీసి నెత్తిన పెట్టుకుని, కట్టె నుంచి కట్టెకు ఎనిమిది అడుగుల్లో నడిచేశాడు. మట్టి చెవుల మీదికి రాలింది. ఏడాది తిరగకుండా అతనికేమైనా అయిందా అంటే, ఏమీ కాలేదు. ఇంకో కూతురు పుట్టింది, పిల్లా తల్లీ క్షేమం.

"నువ్వెత్తు," అన్నాడు గుర్వయ్య ఇస్రాయేలుతో.

"మాకు ఒట్లు లేవు పటేలా. మా పాస్టరయ్య వద్దన్నడు," అన్నాడు ఇస్రాయేలు. "గోలు పడ్డది. నేను సూసిన."

"దేవుండ్లు యేరైతే మన్ను గూడ యేరా? నిజమైతే ఎత్తనీకె ఏమొస్తది నీకు?"

ఇస్రాయేలు పక్కకు తిరిగి వెంకటనర్సు వైపు చూశాడు. హుజూర్‌నగర్ ఆట నాడు ఎలా చూశాడో అలాగే చూశాడు, ఎంతో నిమ్మళంగా. వెంకటనర్సు నేల చూపులు చూస్తూ, "గోలు లేదు," అన్నాడు.

ఆ తర్వాత దవాఖాన వాళ్ళకు కాళ్ళు ఆడలేదు. చివరి నిమిషంలో జాగీరు జట్టు ఇంకొక గోలు వేసింది. కప్పు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పోయింది.

ఇంటి దగ్గర గండయ్య వల మడత పెడుతూ, తెలియనట్టే అడిగాడు.

"ఏ దిక్కు పడ్డది బిడ్డా ఆ గోలు?"

"వల లేని దిక్కు నాయినా."

ముసలాయన మడత పూర్తి చేశాడు. తర్వాత వలను మూలన పెట్టి, "వల లేకుంటె లేకపాయె. నీకు కండ్లున్నయి గద," అన్నాడు. వెంకటనర్సు ఆ రోజు అన్నం తినలేదు. రెండు నెలలకు నౌకరి ఖాయమైన కాగితం వచ్చింది. మల్లమ్మ పాయసం వండింది. అది మాత్రం తిన్నాడు.

పాడు సంగతి ఏమిటంటే, జనం కప్పును మరిచిపోయారు గానీ మట్టిని మరిచిపోలేదు. ఇస్రాయేలుకు మట్టెత్తనోడు అని పేరు పడింది. అంతకుముందు వాడలో ఎవరికి ఏ తగాదా వచ్చినా "ఇస్రాయేలును అడుగుండ్రి" అనేవాళ్ళు. ఊరికి పోతూ ఇంటి తాళంచెవి అతని చేతికిచ్చి పోయేవాళ్ళు. అవన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. అతను బంతి ముట్టడం మానేశాడు. దారిలో కనబడితే మాత్రం "నమస్తె సారూ," అనేవాడు, ఎప్పటిలాగే. ఆ నమస్తె తప్పించుకోవడానికి వెంకటనర్సు దవాఖాన వీధి మాని చుట్టుతిరుగుడు దారిన బడికి పోవడం మొదలుపెట్టాడు.

చెప్పాలని లేక కాదు. దసరా పోనీ అనుకున్నాడు, పరీక్షలు కానీ అనుకున్నాడు, జాగీర్దారు కోపం తగ్గనీ అనుకున్నాడు. ఆయనకు అసలు కోపమే లేదని మన సారుకు తెలుసు. అలా మూడేళ్ళు గడిచాయి.

సాలమ్మ ఏటా చింతపండు గంప నెత్తిన పెట్టుకుని పద్మశాలీల వాడకట్టుకు అమ్మకానికి వచ్చేది. ఆమె మామకు ఊరి సేవ కింద వచ్చిన ఇనాం చెలక ఒకటుంది. దాని గట్టున రెండు చింతచెట్లున్నాయి. చెలకలో పండేది అంతంతమాత్రం, ఇల్లు గడిచేది ఆ చెట్ల మీదే. మూడో ఏడు ఆమె వచ్చినప్పుడు వెంకటనర్సు లోపలి గదిలో ఉన్నాడు.

"గిదే ఆఖరు పండు మల్లమ్మా," అంటోంది బయట. "పక్క చెలక మైసయ్య గట్టు జరిపిండు. చెట్లు నాయే అంటుండు. ఐతారం పొద్దుమీకి పంచాది."

"గా చెట్లు మీయని ఊరందరికి ఎరుకే గద అవ్వా! నీ కొడుకు చెప్తే అయిపాయె."

"వాని మాట ఎవలింటరమ్మా? మట్టెత్తమంటరు. వాడు ఎత్తడు. అప్పుడు ఆటల గూడ ఎత్తలే, అబద్దమాడిండు గన్కనే ఎత్తలే అంటరు. నా కొడుకు అబద్దమాడుడు నేనెన్నడు సూడలే. గాని నేను తల్లిని. నా మాట లెక్కలకు రాదు."

వెంకటనర్సు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఆమె వెళ్ళాక మల్లమ్మ లోపలికి వచ్చి, "గట్ల పాలిపోయిన్రేంది, జరమొచ్చిందా?" అంది.

ఆదివారం ఆయన నడిచి వెళ్ళాడు. విజిల్ ఇంట్లో మేకుకు తగిలించి వెళ్ళాడు. అప్పటికి జాగీర్దారు కాపురం హైదరాబాదుకు మార్చేశాడు, ఈ వైపు రావడమే తక్కువ. కాబట్టి సారుకు ఇప్పుడు ధైర్యం పుట్టిందని మనం మెచ్చుకోనక్కర్లేదు. భయపెట్టేవాడు దూరమయ్యాడు, అంతే.

చింతచెట్ల కింద జనం గుమిగూడి ఉన్నారు. నడుమ గుర్వయ్య పటేలు. ఒక పక్క మైసయ్య, ఇంకో పక్క ఇస్రాయేలు, కొంచెం ఎడంగా సాలమ్మ నేల మీద కూర్చుని ఉంది. వెంకటనర్సు వచ్చేసరికే మాట మట్టి దగ్గరికి వచ్చింది. మైసయ్య ఎత్తుతానన్నాడు. ఇస్రాయేలు ఎత్తనన్నాడు.

"గప్పుడు గట్లనే అంటివి, గిప్పుడు గట్లనే అంటున్నవు," అన్నాడు గుర్వయ్య.

"పటేలా, నాదొక మాట," అన్నాడు వెంకటనర్సు. అందరూ తిరిగి చూశారు. "గప్పుడు ఇస్రాయేలు అబద్దమాడలే. గోలు పడ్డది. కట్టెకు జానెడు లోపటికెళ్ళి పోయింది. నేను సూసిన. సూసి సూడలేదన్న. నా నౌకరి కోసమన్న."

ఇన్నేళ్ళూ గుండెల మీద బండరాయిలా ఉన్న మాట నాలుగు ముక్కల్లో అయిపోయింది. జనం గుసగుసలు పోయారు. గుర్వయ్య గడ్డం గోక్కున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, తనకు తెలిసిన తక్కెడ ఒకటే, దాన్నే మళ్ళీ బయటికి తీశాడు.

"మూడేండ్ల కింద సూడలేదంటిరి. గిప్పుడు సూసిన అంటిరి. ఏది నమ్మాలె సారూ? నిజమైతే మీరెత్తుండ్రి మట్టి. మీ మాట నిలవడితే ఇస్రాయేలు మాట గూడ నిలవడ్డట్టే. గీ చెట్లు వాళ్ళయే అని తెంపుత."

వెంకటనర్సు ఇంకేమీ ఆలోచించలేదు. గట్టు దగ్గరికి పోయి, వంగి, గుప్పెడు ఎర్రమన్ను తీశాడు. చెయ్యి నెత్తి దాకా లేవకముందే ఇస్రాయేలు వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు సారూ."

"ఇడువు ఇస్రాయేలూ. చెట్లు పోతయి."

"పోనీయుండ్రి. మీరు చెప్పిన్రు, నేను నమ్మిన. మన్ను మోసి నిజమనిపించుకునుడు మీకెందుకు?" అతని గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "గా దినం గూడ నేను గందుకే మీ దిక్కు సూసిన. సూసిన మనిషి ఎదురుంగ ఉండంగ మట్టెందుకు అనుకున్న."

వెంకటనర్సు కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. అంత మంది ముందు, యాభై మంది పిల్లలను కంటి చూపుతో నిలబెట్టే మనిషి, ఏడ్చాడు. ఇస్రాయేలు ఆయన చెయ్యి వదల్లేదు. బలంగా కూడా పట్టుకోలేదు, విడిపించుకుంటే విడిపించుకోవచ్చు. కానీ ఆ చేతిని తోసేసి మట్టి నెత్తిన పెట్టుకోవడం ఆయన వల్ల కాలేదు.

గుర్వయ్య కాసేపు చూసి, మైసయ్యకు సైగ చేశాడు. మైసయ్య మట్టి ఎత్తాడు. చెట్లకు ఇవతల నుంచి, తాను జరిపిన గట్టు పొడవునా, ఎవరి మొహమూ చూడకుండా నడిచాడు. చెట్లు అతనివైపు ఉండిపోయాయి. పంచాయతీ లేచింది. జనం ఇళ్ళకు మళ్ళారు, ఇస్రాయేలు తల్లిని లేపడానికి వచ్చాడు.

సాలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని లేచింది. చీర దులుపుకుంది. రాలిపడిన చింతకాయలు నాలుగు ఏరి, ఒడిలో వేసుకోబోయి, ఇక తనవి కావని గుర్తొచ్చి గట్టు అవతల పెట్టింది. వెంకటనర్సు పిడికిట్లో మట్టితో అక్కడే నిలబడి ఉన్నాడు. పోతూ పోతూ ఆమె ఆయన ముందు ఆగింది. తిట్టడానికి కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

"పీక మీ నోట్లెనే ఉండె గద సారూ. జర ఊదకపోయిన్రా?"